పన్నెండు గంటల కల్లు

నిన్న మా అమ్మాయి ఒక సీసా తెచ్చింది. సైడర్ అట, ఆపిల్ పండ్ల రసాన్ని పులియబెట్టి చేస్తారట. మూత తీయగానే వచ్చిన పుల్లటి వాసనకు, నాగపూర్‌లోని ఈ ఇంట్లో కూర్చున్న నాకు ఇరవై ఎనిమిదేళ్ల కిందటి గోదావరి ఇసుక, మోదుగాకు డొప్ప, శాంతబాయి ముఖం గుర్తుకొచ్చాయి.

సిరొంచ దగ్గర ఏటి ఒడ్డు ఊరి బడిలో నాకు మొదటి ఉద్యోగం. శాంతబాయి అక్కడ పెద్ద టీచర్. మా వైపు టీచరమ్మను బాయి అనే పిలుస్తారు. భర్త పోయి చాలా ఏళ్లయింది, యాభై దాటిన మనిషి. మా జిల్లాలో మద్యం నిషేధం. అవతలి ఒడ్డు వేరే రాష్ట్రం, అక్కడ కల్లు తాగితే ఎవరూ ఏమీ అనరు. ఆదివారాలు ఆమె పడవలో ఏరు దాటి చెల్లెలింటికి వెళ్లేది. ఒక చలికాలం నన్నూ వెంట తీసుకెళ్లింది. దారిలో ఈతవనం దగ్గర చెట్లు గీసే గౌడ్ పొద్దున దించిన కల్లు లొట్టి చూపిస్తే, ఎండ నడినెత్తికి వచ్చేదాకా దాన్ని ముట్టనీయలేదు.

“పొద్దటిది పిల్లలకు, మాపటిది తలకెక్కాలె అనుకునేటోళ్లకు. నాకు పన్నెండు గంటలది కావాలె,” అంది. తీపి ఇంకా పోలేదు, పులుపు అప్పుడప్పుడే ఎక్కుతోంది. రెండో డొప్ప నేనే అడిగి పోయించుకున్నాను. ఆ తర్వాత చెల్లెలింట్లో ఆమె మరిది గొప్పగా బీరు సీసా తెచ్చి ఇస్తే ఒక్క గుక్క తాగి పక్కన పెట్టింది. చల్లగా ఉందట, అంతకు మించి అందులో ఏమీ లేదట.

పడవలో వచ్చిన వాళ్లెవరో మమ్మల్ని చూశారు. వారం తిరక్కుండానే బడి కమిటీ మా ఇద్దరినీ పిలిచింది. మధ్యలో కూర్చున్న పెద్దమనిషి బియ్యం బస్తాలో బీరు దాచి ఏరు దాటించుకుంటాడని ఊరందరికీ తెలుసు. తప్పయిందని రాసివ్వమన్నారు. ముందు నన్ను అడిగారు. నా ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. నేను చాయ్ తప్ప ఏమీ తాగలేదని చెప్పాను. బాయి ఒక్కసారి నా వైపు చూసింది. నా అబద్ధాన్ని బయటపెట్టలేదు. తన ముందున్న కాగితాన్ని మాత్రం వెనక్కి నెట్టింది.

“ఆ ఒడ్డున తాగిన. ఈ ఒడ్డున చదువు చెప్పిన. ఒక్కనాడన్న తాగి బడికి వచ్చిన్నా? మీరేం తాగుతరో నేను అడిగిన్నా? నేను రాయ.”

నెల తిరగకముందే ఆమెను అల్లపల్లి అవతల అడవి ఊరికి బదిలీ చేయించారు. ఆ కమిటీని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నన్ను నేను తలచుకుంటే ఇంకా ఎక్కువ మండుతుంది. బస్సు దగ్గర నేను ఏడుస్తూ నిలబడితే ఆమె నా భుజం మీద చేయి వేసింది.

“నన్ను కాపాడలేదని మనసుల రంధి లేదు పిల్లా. నీకు నచ్చిందాన్ని ముట్టనే లేదన్నవు సూడు, అది జర కష్టమనిపిచ్చింది.”

మళ్లీ ఆమెను చూడలేదు. ఆ తర్వాత నేను ఎవరికి భయపడి ఏ మాట మింగబోయినా, ఆ చేయి బరువు భుజం మీద తెలిసేది. చాలాసార్లు మింగకుండా అనేశాను. ఆ రోజు నేనూ తాగానన్న ఈ ఒక్క మాట మాత్రం ఇంట్లో వాళ్లకు కూడా ఇన్నేళ్లూ చెప్పలేదు.

సైడర్ ఒక గుక్క తాగాను. మరీ తీపి, నాకు నచ్చలేదు. ఆ మాటే పైకి అన్నాను. మా అమ్మాయి నవ్వి, ఇలాంటివి నీకేం తెలుసు, ఎప్పుడైనా తాగావా అని అడిగింది. పక్కన మా ఆయన, వియ్యపురాలు కూడా కూర్చుని ఉన్నారు.

“తాగిన,” అన్నాను. “ఈత కల్లు, పన్నెండు గంటలది. మా బాయితోని. రెండో డొప్ప నేనే అడిగిన.”