ఆళ్లగడ్డలో అమ్మకు కళ్లు తెరిపించిన రోజు

మా అమ్మకు ఒక్క ఫొటో కూడా లేదు. నాకు పన్నెండేళ్లప్పుడు పోయింది. ముప్పై దాటాక ఒకరోజు గుడిలో ప్రార్థనకు కళ్లు మూసుకుంటే ఆమె ముక్కు గుర్తొచ్చింది, నవ్వు గుర్తొచ్చింది, గడ్డం మాత్రం ఎంతకీ రాలేదు. మిగిలింది కూడా పోయేలోపు ఆ ముఖాన్ని రాతిలో చెక్కించి నంద్యాలలో ఆమె సమాధి మీద పెట్టించాలనుకున్నాను. ఇది ఎనభైల మొదట్లో మాట. తమవాళ్ల రూపం ఆళ్లగడ్డలో చెక్కించుకోవాలనుకునేవాళ్లు ఇప్పటికీ నన్ను వివరాలు అడుగుతుంటారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

దీనికి రెండుసార్లు వెళ్లాలి. మొదటిసారి బసవాచారి అనే శిల్పి నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నేను చెబుతుంటే బొగ్గుతో బండ మీద గీస్తూ, చెరిపేస్తూ మూడు గంటలు ఓపిక పట్టాడు. గడ్డం దగ్గరే గంట పోయింది. కళ్ల సంగతి ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "కండ్లు ఆఖర్న. కబురు చేస్తా, ఆ పొద్దు వచ్చి చెప్పు" అన్నాడు. రాయితో కలిపి నా నెల జీతంలో నాలుగోవంతు అడిగాడు. బేరం ఆడబుద్ధి కాలేదు.

రెండు నెలలకు కబురొచ్చింది. నంద్యాలలో ఉదయం ఆరున్నరకు బస్సెక్కితే శిరివెళ్ల మీదుగా గంటంబావులో ఆళ్లగడ్డ. అప్పట్లో టికెట్ నాలుగు రూపాయల లోపే. కిటికీ పక్కన కూర్చుని దారి పొడవునా అమ్మ కళ్లను తలుచుకుంటూ, ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంటూ వెళ్లాను. ఆ కళ్లలో కొంచెం దిగులు, లోపల ఎక్కడో నవ్వు. నేను అబద్ధం చెప్పినప్పుడు మాట్లాడకుండా ఆ కళ్లతోనే చూసేది. ఆ చూపు నాకు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది.

బసవాచారి కొట్టంలో నల్లరాయి పలక గోడకు ఆనించి ఉంది. అందులో అమ్మ. ఆ గడ్డం, ఆ చెంపలు, పెదవి చివర ఆ మెలిక. కళ్ల చోట మాత్రం నున్నటి రాయి. నాకు ఏడుపొచ్చింది. కళ్ల గురించి నేను చెప్పిందంతా బసవాచారి తల వంచుకుని విన్నాడు. తర్వాత పలకకు ఎదురుగా ఒక అద్దం నిలబెట్టాడు. కళ్లు తెరిచేటప్పుడు శిల్పి రాతిని నేరుగా చూడడట. పక్కన కూర్చుని, అద్దంలో కనబడే ముఖాన్నే చూస్తూ ఉలి ఆడిస్తాడట.

"ఇది దేవుడి బొమ్మ కాదు గదప్పా" అన్నాను.

"దేవుడైనా మనిషైనా కండ్లు కండ్లే. నువ్వు బయటికి పో టీచరమ్మా. అద్దంలో రాతి మొగం తప్ప ఇంగో మొగం పడగూడదు."

"పడితే ఏమైతాది?"

"ఆ మొగం రాతిలోకి పోతాది."

"ఎట్ల పోతాది?"

"మా నాయన చెప్పినాడు. ఎట్లని నేను అడగలే."

నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. కాంతి, పరావర్తనం అంటూ ఏడాదికి నాలుగు సెక్షన్లకు అద్దాల పాఠం చెప్పేదాన్ని. నాకా అద్దం మహిమలు అనుకున్నాను. బయట వేపచెట్టు కింద పావుగంట నిలబడ్డాను. లోపల ఉలి చప్పుడు సన్నగా, గడియారం నడిచినట్టు వినిపిస్తోంది. అమ్మ కళ్లు తెరుచుకుంటుంటే నేను బయట నిలబడడం ఏమిటని మనసు ఊరుకోలేదు. చెప్పులు విడిచి మెల్లగా లోపలికెళ్లి, పలక పక్కగా వంగి అద్దంలోకి చూశాను.

ఉలి ఒక్కసారి ఆగింది. బసవాచారి తల తిప్పలేదు. మళ్లీ కొట్టాడు. ఈసారి చకచకా, చూసి రాస్తున్నవాడిలా కొట్టాడు. కొద్దిసేపటికి ఉలి కిందపెట్టి చేతులు తుడుచుకున్నాడు. నేను ముందుకొచ్చి చూశాను. రాయి నన్ను చూసింది. రోజూ పొద్దున జడ వేసుకునేటప్పుడు అద్దంలోంచి నన్ను చూసే చూపే అది.

"అద్దంలో రెండు మొగాలుండె తల్లీ. కండ్లుండేది ఒకదానికే" అన్నాడు బసవాచారి. అతని గొంతులో కోపం లేదు, భయం ఉంది. "నువ్వు చెప్పింది చెయ్యలే. కనపడింది చేసినా."

"మళ్లీ చెక్కలేవా?"

"తీసిన రాయి యాడనుంచి తెచ్చి అతికేది?"

పలకను గోనెసంచిలో చుట్టించుకుని మధ్యాహ్నం బస్సులో రుద్రవరం వెళ్లాను. మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, అక్కడే ఉండేది. పలకను ఒళ్లో పెట్టుకుంటే "ఏందమ్మా అది?" అని కండక్టర్ అడిగాడు. టికెట్ డబ్బులు అతని చేతిలో పెట్టాను. గోనె కింద ఆ కళ్లు తెరిచే ఉన్నాయని తెలుసు. దారిలో ఒక్కసారి కూడా సంచి విప్పలేదు.

చిన్నమ్మ చూసి చెంపలు నిమిరింది. "అక్కే. కండ్లు మాత్రం కాదమ్మీ. ఇవి నీవి గదా" అంది. మరి అమ్మవి ఎలా ఉండేవని అడిగాను. "ఇట్ల మాత్రం ఉండవు" అంది. ఆ ఒక్క మాటే నాకు ధైర్యం. కాదని చెప్పగలిగే మనిషి ఒకరైనా ఉన్నారనుకుని పలకను అమ్మ సమాధి మీద పెట్టించాను.

ఏడాది తర్వాత మళ్లీ రుద్రవరం వెళ్లినప్పుడు, చిన్నమ్మ నా ముఖం తన వైపు తిప్పుకుని మురిసిపోయింది. "అచ్చం మా అక్క కండ్లే నీవి" అంది. ఆ పొద్దు నువ్వే కాదన్నావు గదా అంటే, "నేనెప్పుడన్నా?" అని నన్నే వింతగా చూసింది.

కళ్ల ముందు మాటిమాటికీ కనబడేది పాత జ్ఞాపకాన్ని చెరిపేసి దాని చోట కూర్చుంటుందని నా సైన్సు చెబుతుంది. అద్దంలో పడిన ముఖం రాతిలోకి పోతుందని బసవాచారి నాయన చెప్పాడు. ఎన్నేళ్లు ఆలోచించినా ఈ రెండు మాటలకూ తేడా నాకు కనిపించలేదు. రాయి ఎదుట చిన్నమ్మ గడిపింది ఒక్క పూటే అన్నదానికి మాత్రం నా సైన్సు దగ్గర జవాబు లేదు. అమ్మ కళ్లలో దిగులుండేదని, లోపల నవ్వుండేదని ఆ రోజు కూర్చుకున్న మాటలు ఇంకా ఉన్నాయి. చూపు లేదు. కళ్లు మూసుకుని అమ్మను పిలిస్తే ఇప్పుడు నేనే వస్తున్నాను.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: మీవాళ్ల కళ్లు బాగా గుర్తున్న మనిషిని ఎలాగైనా వెంట తీసుకెళ్లండి, శిల్పి బయటికి పొమ్మంటే ఇద్దరూ బయటే ఉండండి.