లేని మగ్గం మీద నేత

ఆ ఏడాది బడి వార్షికోత్సవానికి ఏడో తరగతి పిల్లలతో నేతపనివాళ్ల నాటకం వేయించాను. వేదిక మీదికి మగ్గం తేవడం కుదరక, ముసలవ్వ వేషం వేసిన, నేతవాళ్లుండే కొత్తవాడ అమ్మాయిని ఉత్త చేతులతోనే నేసినట్టు నటించమన్నాను.

రిహార్సల్స్‌లో నవ్వుతూ కానిచ్చేసేది. ఆ సాయంత్రం మాత్రం నడుం వంచి కూర్చుని నిజంగానే నేస్తున్నట్టు చేతులు ఆడించింది. చూస్తూ చూస్తూ మైమరచిన వాళ్ల నాయనమ్మ ముందు వరుసలోంచి కేకేసింది.

"పోగు తెగింది, జర చూసుకో!"

నాటకం ఆగిపోతుందనుకున్నాను. అమ్మాయి మాత్రం తడబడలేదు. ముసలి గొంతుతోనే, "చూసిన అక్కా, అతుకుతాన్న" అంది, సొంత నాయనమ్మతో! వంగి, లేని పోగును వేళ్లతో ముడివేసి మళ్లీ నేయసాగింది.

జనంలో ఒక్కరూ నవ్వలేదు. నేను రాసిన మాటలు కావవి. స్క్రిప్ట్ పట్టుకుని తెర పక్కన అలాగే నిలబడిపోయాను.