అందరి కుక్కకు నా పేరు

ఈ రోజు ఆదివారమైనా మాచర్ల నుంచి ఒక పశువుల డాక్టరమ్మ తనంతట తానే మా చెంచుగూడేనికి వచ్చింది. కుక్కలకు పిచ్చి పట్టకుండా ఊరికే సూదులు వేస్తానంది. పోయిన నెల పక్క తండాలో పిచ్చికుక్క తిరిగింది కనుక నాకు సంతోషమేసింది.

మా చుక్క ఎవరి కుక్కా కాదు. గూడెంలోని ఏడిళ్లలోనూ ముద్ద తింటుంది, ఏడిళ్లకూ కాపలా కాస్తుంది. డాక్టరమ్మ సూది పట్టుకుని, "ఇది ఎవరిదమ్మా? పేరు రాసుకోవాలి," అని అడిగింది. పేరు రాస్తే ఏమవుతుందోనని అందరూ వెనక్కి జరిగారు. సూది వేయకుండానే వెళ్లిపోతుందేమోనని భయమేసి, తల వంచుకుని నా పేరు చెప్పాను. ఆమె సూది వేసి, నా పేరున చీటీ రాసిచ్చి, వచ్చే ఏడు అది చూపిస్తేనే మళ్లీ సూది వేస్తానంది.

సాయంత్రం చుక్క ఎప్పటిలాగే పక్కింటి అత్త గుమ్మం ముందు నిలబడింది. అత్త కుండ మీద మూత పెట్టేసింది.

"ఏమే, కుక్కను నీ పేర రాయించుకున్నావంటగా. ఇంక నువ్వే పెట్టుకో."

"సూది కోసం చెప్పా అత్తా."

"ఏందే సూది? చీటీలో ఉండేది నీ పేరేగా."

మిగతా ఇళ్లలోనూ అదే మాట. నా సంగటిలో సగం పెట్టాను. అది తినేసి, మళ్లీ అత్త గుమ్మం ముందుకే వెళ్లి కూర్చుంది.

చీటీ ఉంచితే చుక్కకు ఆరిళ్ల ముద్ద పోతుంది, చింపితే వచ్చే ఏటి సూది పోతుంది. నేను చేసింది మేలో కీడో తెలియడం లేదు. మీ ఊళ్లో అందరి కుక్కకు ఎవరి పేరు రాస్తారో కాస్త చెప్పండి.