వేడినీళ్లలో గ్లాడియేటర్లు

నేను నోయిడాలో నర్సుని. భీమవరం నుంచి ఇక్కడికి వచ్చి ఏడాదైనా, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి కీర్తనకు స్నేహితులే దొరకలేదు. బల్ల మీద వేలెడంత ప్లాస్టిక్ గ్లాడియేటర్ వీరుల బొమ్మలతో ఆడే యుద్ధం ఆటంటే దానికి ప్రాణం. ఒంటరిగానే ఆడుకునేది.

ఒక శనివారం ఎనిమిది కొత్త బొమ్మలు పార్సిల్లో వచ్చాయి. మర్నాడు క్లాసు అమ్మాయిలిద్దరు మొదటిసారి ఆటకు వస్తామన్నారట. "మమ్మీ, ట్యూషన్ నుంచి వచ్చాక వీటిని కడిగి రంగులేస్తా" అని సంబరంగా వెళ్లింది.

సాయం చేద్దామని, ఆసుపత్రి అలవాటు కొద్దీ, బొమ్మల్ని గిన్నెలో వేసి, మరిగే నీళ్లు పోసి మూతపెట్టాను. కాసేపటికి తీసి చూస్తే, కత్తులు వేలాడిపోయాయి. ఈటె పట్టిన వీరుడు నడుం వంచి దణ్ణం పెడుతున్నాడు!

అంతలోనే కీర్తన వచ్చింది. "నేనే పాడుచేశాను తల్లీ" అంటుంటే నాకు ఏడుపొచ్చింది.

గిన్నెలోకి చూసి అది పకపకా నవ్వింది. "అరే మమ్మీ, కుఛ్ నహీ హువా, ఏమీ కాలేదు! మళ్లీ వేడినీళ్లలో వేసి, మెత్తబడ్డాక సరిచేసి, చల్లనీళ్లలో ముంచితే చాలు."

వంటింట్లో కూర్చుని ఇద్దరం ఒక్కో కత్తీ నిలబెట్టాం. స్కూల్లో ఒక్కతే కూర్చుని తిన్న టిఫిన్ల గురించి అప్పుడే నాకు చెప్పింది.

మర్నాడు వచ్చిన అమ్మాయిలు ఇప్పుడు ప్రతి ఆదివారం వస్తున్నారు. నేను ఆ పొరపాటు చేయకపోతే, నా కూతురి మనసులోని ఆ మాటలు ఎప్పటికీ వినేదాన్ని కాదేమో.