నెయ్యి పాలు కాదు, చేప మాంసం కాదు

ఈ ప్రయాణానికి కారణం ఒక పప్పు గిన్నె. రెండు వేల సంవత్సరం గండం నుంచి పాత ప్రోగ్రాములను గట్టెక్కించడానికి మెల్‌బోర్న్ వచ్చిన వాళ్లలో నేనూ, రాజమండ్రి మూర్తిగారూ ఉన్నాం. ఆయనకు పాలు పడవు. పడవంటే అజీర్తి కాదు, గొంతు వాచి ఊపిరి ఆడదు. పైగా మాంసం, చేప, గుడ్డు ముట్టని మనిషి. ఆయన్ని మనవాళ్ల హోటలుకు లాక్కెళ్లింది నేనే. పాలు, పెరుగు, వెన్న ఏవీ తగలకూడదని మూడుసార్లు చెప్పాను. పప్పులో నెయ్యి పోశారు. ఆయన్ని అంబులెన్సులో ఎక్కిస్తుంటే హోటలాయన నన్ను నిలదీశాడు: "నెయ్యి పాలెలా అవుద్ది సార్?" ఆ కోపం ఫ్రిజ్‌లో పెట్టకపోయినా ఇప్పటికీ తాజాగానే ఉంది.

అప్పట్నుంచి మూర్తిగారు బయట మంచినీళ్లు కూడా ముట్టలేదు. వెర్రిబీలోని మా అద్దె ఇంట్లో చారన్నం, ఆఫీసులో అరటిపండు. బెల్టుకు రెండు కొత్త చిల్లులు పడ్డాయి. "సోమవారం మేనేజరుతో చెప్పేసి రాజమండ్రి పోతానయ్యా. భయపడతా తినడం నా వల్ల కాదు," అన్నారు.

ఆ మాట శుక్రవారం ఆఫీసువాళ్లతో చెబుతుంటే డేవిడ్ విన్నాడు. మా టీములోని యూదుడు. "మా మతాచారం ప్రకారం చేసే కోషర్ వంటలో మాంసం, పాలు కలవవు. రెండూ లేనిదాన్ని పార్వె అంటాం. మావాళ్లు ఎక్కువుండే బాలక్లావా వెళ్లి వెతకండి," అని మూడింటికే సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. ప్రతి శుక్రవారం మూడింటికే ఎందుకు పోతాడని ఆరు నెలల్లో ఒక్కసారీ అడగని మేధావిని నేను.

శనివారం తొమ్మిదీ పదికి వెర్రిబీలో రైలెక్కాం. ఫ్లిండర్స్ స్ట్రీట్‌లో దిగి సాండ్రింగ్‌హామ్ రైలు పట్టుకుని, పదిన్నరకు బాలక్లావాలో దిగాం. కోషర్ బోర్డున్న ప్రతి కొట్టూ మూసే ఉంది. నల్ల టోపీ పెట్టుకుని నడిచి వెళ్తున్న పెద్దాయన్ని అడిగాను. "నిన్న సాయంత్రం నుంచి మా సబ్బాత్, పనులు మానే రోజు. పొయ్యి వెలిగించం. రేపు రండి," అన్నారు. మూర్తిగారు అరటిపండు ఒలిచారు. "వాళ్లు మడి కట్టుకున్న రోజు చూసి మరీ తీసుకొచ్చావయ్యా."

ఆదివారం మళ్లీ అదే రైలు, అదే అరటిపళ్లు. మొదటి హోటల్లో కుర్రాడు గర్వంగా, "మా వంటింట్లోకి పాలచుక్క రాదు," అన్నాడు. నిజమే. కానీ వాడి వెనకే పెనం మీద మాంసం చిటపటలాడుతోంది. మూర్తిగారు గుమ్మంలోనే వెనక్కి తిరిగారు. రెండో హోటల్లోకి మాంసం రాదట. అక్కడ సలాడ్ మీద కూడా చీజే. "ఒకడికి పాలు లేవు, ఇంకొకడికి మాంసం లేదు, మనకేమో రెండూ లేనిది కావాలి," అని వీధిలో అరిచాను. ఒక కుక్క మాత్రం విన్నది.

పన్నెండింటికి మూడో కొట్టు. నాలుగు బల్లలు, తలకు గుడ్డ కట్టుకున్న మిరియమ్ అనే ఆవిడ. బోర్డు మీద ఉంది, అంతా పార్వె అని. దాని కిందే, వేయించిన చేప.

"చేప మాంసం కాదా?"

"కాదు," అంది.

"ఎలా కాదు?"

"చేప చేపే. మా దగ్గర అది మాంసం లెక్కలోకి రాదు."

అంబులెన్సు పక్కన నిలబడిన హోటలాయనే తలకు గుడ్డ కట్టుకుని వచ్చాడనిపించింది. నోరు తెరిచేలోగా మూర్తిగారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఊరుకోవయ్యా. ఆవిడ శాస్త్రం ఆవిడది. మనది మనం చెబుదాం."

ఆయనే నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పారు: చేప తగిలిన గిన్నె కూడా తనకు పనికిరాదు, పాలు తగిలితే ప్రాణానికే ముప్పు. "నవ్వకండి," అని చివర్లో కలిపారు. ఆఫీసులో అందరూ నవ్వేవారు మరి.

మిరియమ్ నవ్వలేదు. "నూనె సంగతేమిటి? కత్తి? గరిటె?" అని మాకు తట్టనివి తనే అడిగింది. అప్పుడే అట్ట విప్పిన కొత్త కత్తితో బంగాళాదుంపలు కోసింది. ఉప్పు చల్లి, రేకు కాగితం ఒక పొర చుట్టింది. దాని మీద ఇంకో పొర. "ఓవెన్‌లో చేప కాల్చాను. రెండు పొరలుంటే లోపలికి ఏదీ రాదు. పరాయి వంటింట్లో మేమూ ఇలాగే కాల్చుకుంటాం."

పన్నెండూ నలభైకి పొట్లం వచ్చింది. పొరలు మూర్తిగారి చేతే విప్పించింది. ఆయన మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే, గొంతు వాస్తే పొడవమని డాక్టరిచ్చిన సూది మీద నా చెయ్యి పడింది. గోడ గడియారంలో పది నిమిషాలు చూశాను. ఆయన కళ్లు ఎర్రబడ్డాయి.

"మూర్తిగారూ, గొంతా?"

"కాదయ్యా. వేడిగా ఉంది," అని రెండో పొట్లం అడిగారు.

వెళ్లేవారికి నా సలహా: శనివారం పోకండి. బోర్డును నమ్మకండి, పార్వెలో చేపా గుడ్డూ ఉంటాయి. ఎదుటివాళ్లు మిమ్మల్ని ఎన్ని ప్రశ్నలు అడుగుతారో చూసి కూర్చోండి. పప్పు హోటలాయన ఒక్కటి అడిగినా అంబులెన్సు పిలవాల్సిన పని ఉండేది కాదు. అతని మీద కోపం తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

తిరుగు రైలు రెండూ ఐదుకు. నేను న్యూపోర్ట్ స్టేషన్ దాకా ఆ హోటలాయన్ని తిడుతూనే ఉన్నాను. మూర్తిగారు సంచిలో మిగిలిన రెండు అరటిపళ్లు తీసి నా ఒళ్లో పెట్టారు.

"అది సరేగానీ, ఆవిడ కొట్టు సోమవారాలు తీస్తుందో లేదో కనుక్కున్నావా?"