గాజులు తీసి ఆడండి

మా అన్న వీడియో గేముల విమర్శకుడట. పులివెందులలో ఒక హాలు నిండా జనం ముందు ఆ మాట మైకులో చెప్పారు. నేను మూడో వరసలో కూర్చుని విన్నాను. ఆయన జీవితంలో ఏ ఆటలోనూ రెండో స్టేజీ దాటి ఎరగడు. ఈ సంగతి మా ప్రొద్దుటూరులో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆయన, ఇంకొకరు నేను.

మొదటి నుంచి చెబుతాను. మా నాన్న బంగారం గీటు చూసేవాడు. బంగారు అంగళ్ల వీధిలో ఒక అరుగు మీద నల్లటి గీటురాయి ముందు పెట్టుకుని కూర్చునేవాడు. అంగడివాళ్లు నగ పంపితే రాయి మీద గీసి చూసి ఒక్క ముక్కలో చెప్పేవాడు. బాగుంది. రాగి ఎక్కువ. లోపల లక్క ఉంది. ఇంకొంచెం వివరంగా చెప్పమంటే విసుక్కునేవాడు. ఎప్పుడైనా చీటీ రాసిచ్చినా కింద పేరు పెట్టేవాడు కాదు. ముద్ర అంగడివాళ్లే వేసుకునేవాళ్లు. ఎందుకలా అని ఒకసారి అడిగాను.

“గీటు చూసేటోడు పేరు చెప్పుకోగూడదు పాపా. పేరు తెలిసినంక మొగమాటం వస్తాది. మొగమాటం వచ్చినంక రాయి గూడా అబద్ధం చెప్తాది” అన్నాడు.

నేను నమ్మాను. నా కొంప ముంచింది ఆ మాటే.

డిగ్రీ అయ్యాక నేను ఇంట్లో ఊరికే కూర్చున్న రోజుల్లో మా అన్న బస్టాండు దగ్గర వీడియో గేముల అంగడి పెట్టాడు. నాలుగు టీవీలు, నాలుగు ఆట పెట్టెలు, గోడకు ఒక బీరువా నిండా క్యాసెట్లు. అక్కడే కూర్చుని ఆడుకోవచ్చు, లేదంటే పెట్టె, క్యాసెట్టు ఇంటికి బాడుగకు తీసుకుపోవచ్చు. కొత్త క్యాసెట్లు ఎట్లా ఉన్నాయో అడిగేవాళ్లకు చెప్పడానికి ఆయనకు చేతకాదు. ఆడపిల్లలం అంగట్లో కూర్చోకూడదు కాబట్టి క్యాసెట్లే నా దగ్గరికి వచ్చేవి. “నువ్వు ఆడి చూసి ఏందో ఒకటి రాసియ్యి పాపా” అనేవాడు.

మధ్యాహ్నం అమ్మ కునుకు తీసేటప్పుడు ఆడేదాన్ని. ఆడినంతసేపు ఆడి, నాలుగు వేళ్ల వెడల్పు కాగితం ముక్క మీద తీర్పు రాసి, క్యాసెట్టు వీపున అంటించేదాన్ని. నాన్న లాగే ఒక్క ముక్క, మహా అయితే రెండు. నాన్న లాగే కింద పేరు ఉండేది కాదు.

“వంద ఆటలు అని పైన రాశారు. ఉన్నవి ఏడు. మిగతావాటికి రంగు మార్చారు.”

“బ్లాక్ అండ్ వైట్ టీవీలో ఆడొద్దు. నీ బండి, శత్రువు బండి ఒకే తీరుగా కనిపిస్తాయి.”

“మధ్యలో ఆపడానికి వీల్లేని ఆట. కరెంటు పోయే వేళ చూసుకుని మొదలుపెట్టండి.”

“ఓడిపోయినప్పుడు మన తప్పే అనిపిస్తుంది. మంచి ఆట.”

ఆ చివరిది నాకు ఇప్పటికీ ఇష్టం. దానికోసం వారం రోజులు ఆడాను. ఓడినప్పుడు ఆటను తిట్టాలనిపిస్తే అది చెడ్డ ఆట, మళ్లీ రిమోటు పట్టుకోవాలనిపిస్తే మంచి ఆట. ఇంతకంటే పెద్ద సిద్ధాంతం నా దగ్గర లేదు. అన్న ఎక్కడి నుంచో ఇంగ్లీషు పత్రికలు తెచ్చేవాడు. వాటిలో విమర్శకులు పదికి ఇన్ని మార్కులని వేసేవాళ్లు. బొమ్మలు బాగుంటే ఎనిమిది, పాట బాగుంటే తొమ్మిది. పెళ్లిచూపుల్లో పిల్లకు వేసే మార్కుల్లా ఉండేవి. ఆ ఆట అరగంటకే విసుగొస్తుందని ఒక్కరూ రాయలేదు. వాళ్లు అరగంట ఆడారో లేదో నాకు అనుమానమే.

చీటీలకు పేరొచ్చింది. జమ్మలమడుగు నుంచి, పులివెందుల నుంచి కాలేజీ పిల్లలు బస్సెక్కి వచ్చి, బొమ్మ చూడకుండా క్యాసెట్టు తిరగేసి వీపు చదివేవాళ్లు. ఒకరోజు అన్నకు క్యారియరు ఇవ్వడానికి పోతే ఒకడు అంటున్నాడు: “నువ్వు రాసింది శానా కరెక్టప్పా. ఆ ఆట దండగ.” అన్న తల ఊపాడు. నాకు అప్పుడు కోపం రాలేదు. నాన్న గీటును అంగడివాళ్లు మెచ్చుకున్నంత సంతోషం వేసింది. ఎంత పిచ్చిదాన్నో.

ఇంటింటికీ కంప్యూటర్లు వచ్చాయి, అన్న అంగడి మూతపడింది, ఆయన బట్టల అంగడి తెరిచాడు. నాన్న పోయాడు. నేను పక్క వీధిలో కాపురం పెట్టి, పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ బతికాను. ఆటల సంగతి ఎవరూ ఎత్తలేదు.

రెండేళ్ల కిందట ఒక అధ్యాపకుడు మా అన్నను వెతుక్కుంటూ వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి జమ్మలమడుగు కాలేజీలో పాఠం చెబుతున్నాడు. అక్కడ పాత సామాన్ల అంగట్లో ఒక పెట్టె నిండా మా క్యాసెట్లు దొరికాయట, చీటీలతో సహా. వాటిని పుస్తకంగా వేస్తానన్నాడు. ఆ వేళ వదినకు ఒంట్లో బాగాలేక నేనే వంటింట్లో టీ పెడుతున్నాను.

“ఇంత సూటిగా రాసిన విమర్శ నేను చూడలేదండీ. ఇవన్నీ మీరే రాశారా?” అని అడిగాడు.

అన్న ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణం నాకు వంటింట్లోకి వినిపించింది.

“నేను చెప్తాంటే మా చెల్లెలు రాస్తాండె సార్. దాని అచ్చరాలు బాగుంటాయి.”

టీ తీసుకుపోయి ఇద్దరికీ ఇచ్చాను. పరాయి మనిషి ముందు తోడబుట్టినవాణ్ణి అబద్ధాలకోరు అని ఎట్లా అనేది? సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు. నా చేతిరాత బాగుందని ఆ పెద్దమనిషి మెచ్చుకున్నాడు కూడా.

పులివెందుల సభ ఆ పుస్తకానిదే. అన్న పట్టంచు పంచె కట్టుకుని వేదిక మీద కూర్చున్నాడు. చీటీలు చదవమన్నారు. ఒక్కొక్కటే చదువుతుంటే జనం చప్పట్లు. నేను రాసిన మాటలను ఆయన ఎక్కడ ఆపకూడదో అక్కడ ఆపుతున్నాడు. ఆ తర్వాత ఈ చీటీ వచ్చింది:

“మూడో స్టేజీలో గబగబా నొక్కాలి. గాజులు తీసి ఆడండి. చప్పుడుకు ఇంట్లోవాళ్లు లేస్తారు.”

చదివేశాక గానీ ఏం చదివాడో ఆయనకు తెలియలేదు. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇప్పుడు చెబుతాడనుకున్నాను. వరసల్లో నన్ను వెతికి, నా మొహం చూసి, మైకు దగ్గరికి వంగాడు.

“అది తమాషాకు రాపిచ్చినాలే” అన్నాడు.

హాలంతా గొల్లుమంది. పక్కనున్నామె నవ్వుతూ నా వైపు తిరిగింది. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

సభ అయ్యాక మెట్ల దగ్గర అధ్యాపకుణ్ణి ఆపాను. నాన్న అలవాటు నాకూ ఉంది కదా, ఒక్క ముక్కలో చెప్పాను.

“ఆ గాజులు నావి సార్.”

ఆయన మొహం మారింది. “అయ్యో, ముందే చెప్పాల్సిందమ్మా. మళ్లీ అచ్చు వేసేటప్పుడు తప్పకుండా సరిచేస్తాను” అన్నాడు. ప్రొద్దుటూరు బస్సులో అన్న పక్క సీటులో నిద్రపోతుంటే, నేను దారి పొడుగునా సంతోషంగా కూర్చున్నాను. అంతా చెప్పేశాననే అనుకున్నాను.

నిరుడు రెండో ముద్రణ వచ్చింది. అట్ట మీద అన్న ఫొటో అట్లాగే ఉంది. వందకు పైగా చీటీలు అట్లాగే ఉన్నాయి. గాజుల చీటీ కింద మాత్రం చిన్న అక్షరాల్లో ఒక గమనిక చేరింది: “ఈ ఒక్కటి విమర్శకుడి చెల్లెలు రాసినది.”

ఆ రోజే కూర్చుని అధ్యాపకుడికి ఉత్తరం రాశాను. ఒక్క ముక్క కాదు, నాలుగు పేజీలు. ఏ ఆట ఎన్ని రోజులు ఆడానో, ఏ చీటీ ఎందుకు అట్లా రాశానో వరసగా రాసి, కింద నా పూర్తి పేరు పెట్టాను. చీటీల విషయంలో పేరు పెట్టడం అదే మొదటిసారి.

జవాబు నాకు రాలేదు. మా అన్నకు ఫోన్ వచ్చింది, చెల్లెలు గారు నొచ్చుకున్నట్టున్నారు, కాస్త నచ్చజెప్పండని. సాయంత్రం అన్న మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

“ఏంది పాపా ఇది, నలుగుర్లో. నిన్ను గూడా ఏసినారు గదా పుస్తకంలో.”

“యాడ ఏసినారు న్నా?”

పుస్తకం తెచ్చి ఆ పేజీ తీసి చేతిలో పెట్టాను. కళ్లద్దాలు పెట్టుకుని, ఆ చిన్న అక్షరాలను వేలితో పట్టుకుని నిదానంగా చదివాడు.

“ఇదో, విమర్శకుడి చెల్లెలు” అన్నాడు. “అది నువ్వే గదా.”