తడి గది దాటిందెవరు?

దయ్యాల గురించి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తరవాత ఎవరూ నన్ను తప్పు పట్టకూడదు. నాకు వాటి మీద నమ్మకం లేదు. భయం అంతకంటే లేదు. బతుకంతా స్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. గేటు దగ్గర ఎవరో పడేసిన నిమ్మకాయ చూసి పిల్లలు ఆగిపోతే, ఆ నిమ్మకాయ చేత్తో తీసి అవతల పారేసి క్లాసుకి నడిపించేదాన్ని. ఇంట్లో మా అత్తగారు ఎవరికైనా దిష్టి తీస్తుంటే "మిరపకాయలు దండగ" అని మొహం మీదే అనేదాన్ని. ఆ ఒక్క మాటకి ఆవిడకి నా మీద చాలాకాలం కోపం.

ఇప్పటికీ నా మాట అదే. ఈ రాసేది నా మాటకి అడ్డంగా వచ్చిన ఒక్క సంగతి. మీకెవరికైనా దీనికి మామూలు కారణం తోస్తే సంతోషిస్తాను.

రాయ్‌పూర్ అప్పటికింకా మధ్యప్రదేశ్‌లోనే ఉంది. నాన్నది రైల్వే ఉద్యోగం కాబట్టి నేను పుట్టి పెరిగింది అక్కడే. మా ఆయన సత్యం ఉర్లాలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. స్టేషన్‌కి దగ్గర్లో ఒక గల్లీలో అద్దెకుండేవాళ్లం. ఇల్లు రెండు వాటాలు. ఒకదాంట్లో ఇంటివాళ్లు, రెండోదాంట్లో మేము. మీటరు, మెయిన్ స్విచ్చి రెండు వాటాలకీ కలిపి ఇంటివాళ్ల గదిలో ఉండేవి. వాళ్లు ఊరెళితే ఆ గదికి తాళం. అద్దెకి దిగేటప్పుడు అదేం పెద్ద విషయంగా అనిపించలేదు.

మా వాటాలో ముందు గది, దాని వెనక ఇంకో గది, ఆ వెనక పెరడు. వెనక గదికి పెరట్లోకి ఒక తలుపుంది. వేసవిలో వడగాడ్పు రాకుండా దానికి లోపలినుంచి పై గడియ బిగించేవాళ్లం. ఆ తలుపు పక్క కిటికీలోనే రేకు కూలర్. ఈ గదే అత్తయ్యది.

అత్తయ్యకి అంతకు ముందు ఏడాది పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. "ఊ" అని మాత్రం అనగలిగేది. కాదనాలంటే తల అడ్డంగా ఊపేది. భారీ మనిషి. ఆవిడని మంచం మీంచి లేపాలంటే నేనూ, మా ఆయనా ఇద్దరం పట్టాల్సిందే.

ఆ రోజు అక్తి. మనవాళ్లు అక్షయ తృతీయ అనే పండగ. ఛత్తీస్‌గఢీ ఇళ్లల్లో ఆ రోజు పిల్లలు మట్టి బొమ్మలకి పెళ్లి చేస్తారు, పెద్దవాళ్లు నిజం పెళ్లిళ్లు చేస్తారు. ఇంటివాళ్లు పల్లెలో ఏదో పెళ్లికి వెళ్లారు. గల్లీలో సగం ఇళ్లకి తాళాలే. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు.

మధ్యాహ్నం ఎండ మండిపోతున్న వేళ కూలర్ మోత ఆగిపోయింది. చూద్దామని వెనక గదిలోకి వెళ్లాను. కూలర్ కింది రేకు చిల్లిపడినట్టుంది, గదంతా నీళ్లు. మంచం కాళ్ల కిందికి, పెరటి తలుపు దాకా పరుచుకున్నాయి. గుమ్మం దాటి ఒక కాలు వేశాను. కాల్లోంచి నడుము దాకా కరెంటు ఈడ్చి కొట్టింది. వెనక్కి పడ్డాను. ఒక హవాయి చెప్పు నీళ్లల్లోనే ఉండిపోయింది, రెండోది ముందు గదిలో ఊడిపోయింది.

స్విచ్చి బోర్డు కూలర్ పక్కనే, నీళ్లకి అవతల. కూలర్‌కి ప్లగ్గు కూడా లేదు. రెండు వైర్లు సాకెట్‌లో దోపి అగ్గిపుల్లలు బిగించాం, అందరూ చేసే పనే. మెయిన్ స్విచ్చి తాళం వేసిన గదిలో ఉంది.

అత్తయ్యది చెక్క నవారు మంచం. దాని మీద ఉన్నంతసేపు ఆవిడకి ప్రమాదం లేదు. కానీ ఉక్క పోస్తే ఎడమ కాలు కిందికి జార్చి చల్లటి నేల మీద ఆనించుకోవడం ఆవిడకి అలవాటు. కూలర్ ఆగింది, గది కాసేపట్లో కొలిమి అవుతుంది. నా భయం అంతా ఆ కాలు మీదే.

"అత్తయ్యా, కాలు దించకండి, నీళ్లల్లో కరెంటుంది" అని అరిచాను. "ఊ" అంది. పక్క సందులోంచి పెరట్లోకి పరిగెత్తి తలుపు తోశాను. లోపల గడియ గట్టిగా ఉంది. ఇది నేను స్వయంగా తోసి చూసిన సంగతి, గుర్తు పెట్టుకోండి.

రెండిళ్ల అవతల నరసమ్మ పిన్ని ఉండేది. శ్రీకాకుళం వైపు మనిషి, రైల్వేలో పనిచేసి పోయినాయన భార్య. ఆవిణ్ని పిలిచి మా ముందు గుమ్మంలో కూచోబెట్టాను. లోపలికి అడుగుపెట్టొద్దనీ, అత్తయ్యతో మాట్లాడుతూనే ఉండమనీ, కాలు దించనివ్వొద్దనీ చెప్పాను. ఆవిడ కూచున్న చోటికి అత్తయ్య మంచం కనపడదు, మాట మాత్రం వినపడుతుంది. మా పెరట్లోకి వెళ్లే సందు కూడా ఆ గుమ్మం పక్కనుంచే. మిగతా మూడు వైపులా గాజు పెంకులు గుచ్చిన గోడ.

చెప్పులు వెతుక్కునే తీరిక లేక వట్టి కాళ్లతోనే పరిగెత్తాను. ఎలక్ట్రికల్ షాపు మూసి ఉంది. టెంట్ హౌస్‌కి వెళితే అక్కడి మనిషి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. అక్తి రోజున ఊళ్లో ఖాళీగా ఉన్న కరెంటు మిస్త్రీ ఎక్కడ దొరుకుతాడు? అందరూ పెళ్లి పందిళ్లలో దీపాల దండలు కడుతున్నారట. దగ్గర్లో ఉన్న పందిరి ఎక్కడో చెప్పాడు.

ఆ పందిట్లో మిస్త్రీ నిచ్చెన మీద ఉన్నాడు. సంగతి చెప్పాను. "బారాత్ ఆనేవాలీ హై, భాభీ. కల్ ఆవూంగా" అన్నాడు. మగపెళ్లివారు వచ్చే వేళయిందనీ, రేపొస్తాననీ. నిచ్చెన పట్టుకుని ఊపేశాను. ఇంత వయసొచ్చినా అంత అసభ్యంగా ఎప్పుడూ ప్రవర్తించలేదు. నా ఏడుపు విని పెళ్లికూతురి నానమ్మ కాబోలు, చేతులకి పసుపుతో బయటికొచ్చింది.

"జా బేటా, ఝాలర్ లా బాద్ మ లగా లేబే" అంది. దీపాలు తరవాతైనా పెట్టుకోవచ్చు, ముందు వెళ్లమని. ఆ తల్లి మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మిస్త్రీ సైకిలు తీశాడు. క్యారియర్ మీద నేను. దారి పొడుగునా అత్తయ్య మంచం, ఆవిడ పక్కన నేనెప్పుడూ పెట్టే దిండు, జారుతున్న ఆ ఎడమ కాలు, ఇవే కళ్ల ముందు. లోపలికి ఎలా వెళ్లాలి, ఎక్కడ పట్టి లేపాలి, ఏ చెయ్యి ఎక్కడ వెయ్యాలి అని మనసులో వంద రకాలుగా మోశాను. ఇది కూడా దాచకుండా రాస్తున్నాను.

ఇంటికొచ్చేసరికి నరసమ్మ పిన్ని గుమ్మంలోనే ఉంది. మొహం అదోలా ఉంది. నేను ఆవిణ్ని దాటి వెనక గది గుమ్మం దాకా వెళ్లి చూశాను. మంచం ఖాళీ. ఆవిడ నేల మీద పడిపోయి ఉంటుందని అక్కడినుంచే నీళ్లంతా కళ్లతో వెతికాను. ఎవరూ లేరు. పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది.

సందులోంచి పెరట్లోకి పరిగెత్తాను. జామచెట్టు నీడలో కుర్చీలో అత్తయ్య కూచునుంది. పైట సరిగ్గా సర్ది ఉంది. చీర అంచు కూడా తడవలేదు. పడిపోయిన కుడి చెయ్యి కింద దిండు పెట్టి ఉంది.

మిస్త్రీ తన పరీక్ష బల్బు తీశాడు. హోల్డర్‌కి రెండు వైర్లు, అంతే. ఒక వైరు పెరట్లో బోరింగు గొట్టానికి ఆనించి, రెండోది తలుపు దగ్గర నీళ్లల్లో పెట్టాడు. బల్బు వెలిగింది. అతను అడుగు వెనక్కి వేశాడు.

"భాభీ, అందర్ కౌన్ గయా థా?" అన్నాడు. లోపలికి ఎవరెళ్లారని. అతను స్తంభమెక్కి మా ఇంటికొచ్చే వైరు ఊడదీసి, టీ కూడా తాగకుండా పెళ్లికి వెళ్లిపోయాడు.

నరసమ్మ పిన్నిని అడిగాను. "నాను గుమ్మం వొదల్నేదు తల్లీ. సందులోకి పిల్లి కూడా పోనేదు. వొదినా, వొదినా అని పిలుస్తా ఉంటే లోపల్నుంచి ఊ అంటాంది. తరవాత ఆ ఊ పెరట్లోంచి వొచ్చినాది. నా చెవులకేటో అయినాదనుకున్నాను" అంది.

తడి అడుగులు ఎక్కడా లేవు. అది సాక్ష్యం కింద నేను తీసుకోను, ఆ ఎండకి తడి అడుగులు చిటికెలో ఆరిపోతాయి.

సాయంత్రం మా ఆయన వచ్చాడు. ఎవరో పడోస్‌వాళ్లే, ఇరుగుపొరుగే, గోడ దూకి సాయం చేసుంటారు, థాంక్స్ చెప్పాలి అన్నాడు. మర్నాడు లడ్డూల పొట్లం పట్టుకుని గల్లీలో ప్రతి ఇంటికీ వెళ్లాడు. మా గల్లీవాళ్లు మంచివాళ్లే గాని చేసిన సాయం దాచుకునే రకం కాదు. పొంగుతున్న పాలు దించిపెట్టినా హోలీ దాకా చెప్పుకుంటారు. అలాంటిది ఒక్కరూ మేమే అనలేదు. లడ్డూలు మాత్రం తీసుకున్నారు.

ఇంటికొచ్చి మా ఆయన వాళ్లమ్మ మంచం దగ్గర కూచున్నాడు. "అమ్మా, నాన్న వచ్చారా?" అన్నాడు. నాకూ ఆ అనుమానం రాకపోలేదు, కానీ లెక్క కుదరదు. కుడి చెయ్యి వాచకుండా కింద దిండు పెట్టాలని డాక్టరు చెప్పింది మా ఇద్దరికే. మామయ్య ఆవిడకి జబ్బు చెయ్యకముందే పోయారు. అత్తయ్య తల అడ్డంగా ఊపింది. కొంచెం విసుగ్గా కూడా.

"మరి పక్కింటివాళ్లా?" అన్నాను. మళ్లీ అడ్డంగా ఊపింది. "నరసమ్మ పిన్నా?" కాదు.

అప్పుడావిడ బాగున్న ఎడమ చెయ్యి ఎత్తి నన్ను చూపించింది.

పొట్లంలో మిగిలిన లడ్డూ ఒకటి మా ఆయన ఆవిడ చేతిలో పెట్టాడు. తీపంటే ఆవిడకి ప్రాణం. తినలేదు. నా నోటికి అందించింది. నేను కాపరానికొచ్చిన దగ్గర్నుంచి ఆవిడ చేత్తో నాకేమీ తినిపించలేదు. "నేను కాదు అత్తయ్యా, నేను మిస్త్రీ కోసం వెళ్లాను" అన్నాను. చెయ్యి దించలేదు. తిన్నాను. ఏడుస్తూ తిన్నాను.

ఇంకొక్క సంగతి ఉంది. నా హవాయి చెప్పులు. ఒకటి ఆ నీళ్లల్లో, ఒకటి ముందు గదిలో వదిలేసి వెళ్లాను కదా. అక్తి నాటి సాయంత్రమే పెరట్లో కుర్చీ తీసి లోపల పెడుతుంటే దాని కింద దొరికాయి. రెండూ, పక్కపక్కనే. నరసమ్మ పిన్నికి, మిస్త్రీకి వాటి సంగతి తెలియదు.

అత్తయ్య ఆ తరవాత చాలాకాలం బతికింది. నామీద కోపం పూర్తిగా పోయింది. నేను బడి నుంచి వచ్చేదాకా గుమ్మం వైపే చూస్తుండేది. నాది కాని పుణ్యం నా ఖాతాలో పడడం ఇష్టం లేక చాలాసార్లు చెప్పాను, ఆ గది దాటింది నేను కాదని. ఓపిగ్గా వినేది. విని, నవ్వి, నా చెయ్యి నొక్కి "ఊ" అనేది.

ఆ మధ్యాహ్నం నేను సైకిలు క్యారియర్ మీద ఉన్నాను. అది నాకు ఖాయంగా తెలుసు. అత్తయ్యని పెరట్లోకి మోసిందెవరో ఈ రోజుకీ తెలియదు.